పాయింట్ తర్వాత ఎన్ని అంకెలున్న మీటరు కొనాలి?

మా మేనల్లుడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పూర్తిచేసి ఈమధ్యే విజయవాడ ఆటోనగర్‌లో ఒక మోటార్ వైండింగ్ షాపులో చేరాడు. మొదటి జీతం రాగానే సొంత మల్టీమీటరు (వోల్టేజి, కరెంటు, నిరోధం కొలిచే చేతి మీటరు) కొనుక్కోవాలని వాడి తాపత్రయం. వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి మనందరికీ తెలిసిన పసుపుపచ్చ మీటరు, మూడు నాలుగొందలకు దొరికేది. రెండోది దానికి పదింతల ఖరీదు. కింద ప్రశ్న: "మావయ్యా, ఇదేమో 230 అని ఊరుకుంటుంది, అదేమో 230.4 అంటుంది. పాయింట్ తర్వాత అంకె ఉన్నదే కరెక్టు కదా?"

ఫోన్లో తేలే సంగతి కాదని, ఆదివారం భోజనానికి రమ్మన్నాను. వచ్చేటప్పుడు షాపులో ఉన్న మీటర్లు ఒకటి రెండు పట్టుకు రమ్మన్నాను.

రెండు తెచ్చాడు. నాది ఒకటి కలిపి మూడు. హాల్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులో మూడింటి ప్రోబులూ ఒకేసారి పెట్టాం. షాపు నుంచి తెచ్చిన పసుపుపచ్చది 226 చూపించింది. నాది 231.4. మూడోది, ఎవరో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కొత్త మోడల్, పెద్ద డిస్‌ప్లే, 237.8 చూపించింది. ఒకే కరెంటు, ఒకే క్షణం. వాడు మూడింటినీ మార్చి మార్చి చూసి, "ఏది నిజం?" అన్నాడు. ముందు అంకెల లెక్క తేలిస్తే దానికి జవాబు అదే వస్తుందన్నాను.

మీటరు డబ్బా మీద "2000 కౌంట్లు", "6000 కౌంట్లు" అని రాసి ఉంటుంది. ఆ మీటరు డిస్‌ప్లే ఎంత పెద్ద అంకె దాకా లెక్కపెట్టగలదో అది చెబుతుంది. పసుపుపచ్చ మీటరు 1999 దాకానే వెళ్ళగలదు. షాపులవాళ్ళు "మూడున్నర డిజిట్" అనేది దీన్నే. పాయింట్ ఎక్కడ పెట్టినా సరే, 199.9 దాటితే ఆ రేంజిలో (డయల్ తిప్పి ఎంచుకునే కొలత పరిధిలో) దాని పని అయిపోయింది. మన ఇంటి కరెంటు 230. కాబట్టి పెద్ద రేంజికి మార్చుకోవాలి, అక్కడ చివరి అంకె ఒక వోల్టు. పాయింట్ పెట్టడానికి దాని దగ్గర జాగా లేదు. 6000 కౌంట్ల మీటరు 599.9 దాకా వెళ్తుంది కాబట్టి 230.4 అని చూపగలదు. ఇది రాయగలిగే స్థలం గురించిన తేడా. రాసింది ఎంతవరకు నిజం అన్నది వేరే చోట ఉంటుంది, మీటరుతో వచ్చే పుస్తకంలో చివరి పేజీల్లో. దాన్ని చదివినవాణ్ణి నేను ఇంతవరకు ఇద్దరు ముగ్గుర్ని మించి చూడలేదు.

అక్కడ ప్రతి రేంజికీ ఎదురుగా ఇలాంటి ముక్క ఉంటుంది: ±(1.2% + 10). మొదటిది రీడింగులో శాతం. రెండోది చివరి అంకె ఎన్ని మెట్లు అటూ ఇటూ కావచ్చో. పసుపుపచ్చ రకం మీటర్లకు ఏసీ వోల్టేజిలో ఇంచుమించు ఇదే ఉంటుంది. 230 మీద 1.2 శాతం అంటే 2.76 వోల్టులు. చివరి అంకె ఒక వోల్టు కాబట్టి పది మెట్లంటే ఏకంగా 10 వోల్టులు. మొత్తం 12.76. అంటే అది 230 అన్నప్పుడు అసలు వోల్టేజి 217 నుంచి 243 లోపు ఎక్కడైనా ఉండొచ్చు. నా మీటరు పుస్తకంలో ±(1% + 3) అని ఉంది. 2.3 వోల్టులు, దాని మీద చివరి అంకె 0.1 చొప్పున మూడు మెట్లు 0.3. మొత్తం 2.6. మేనల్లుడు ఫోన్లో ఈ లెక్క రెండుసార్లు వేసుకున్నాడు. పసుపుపచ్చదానిలో శాతం కంటే ఆ బ్రాకెట్లో వెనకనున్న అంకె ఎక్కువ నష్టం చేస్తుందని వాడికి అప్పుడు అర్థమైంది. కొనేవాళ్ళు శాతం చూసి ఆగిపోతారు.

ఇంకో లెక్క కూడా వేయించాను. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో, ఇళ్ళకిచ్చే లో వోల్టేజి సప్లయి చెప్పిన దానికంటే 6 శాతానికి మించి పెరగకూడదు, తగ్గకూడదు అని ఉండేది. 230కి 6 శాతం అంటే 13.8. అంటే 216.2 నుంచి 243.8. పసుపుపచ్చ మీటరు తప్పు హద్దు 12.76, సప్లయికి ఇచ్చిన వెసులుబాటు 13.8. రెండూ దాదాపు సమానం! ఈ మీటరు పట్టుకుని "మా వీధిలో లో వోల్టేజి" అని ఎవరితోనూ పోట్లాడలేం. కరెంటు ఉందా లేదా, ఫేజు పోయిందా, 230కి బదులు 150 వస్తోందా అన్నది మాత్రం అది ఖచ్చితంగా చెబుతుంది.

ఇప్పుడు మన మూడు మీటర్ల సంగతి. పసుపుపచ్చది 226 అంది. దాని హద్దులు వేస్తే 213 నుంచి 239 దాకా. నా 231.4 అందులోనే ఉంది. అంటే అది అబద్ధం చెప్పలేదు, వివరం తక్కువ చెప్పింది, అంతే. మూడోదాన్ని చూడండి. దాని పుస్తకం ప్రకారం ±(1.2% + 5), చివరి అంకె 0.1. 237.8కి హద్దు 3.4 వోల్టుల దాకా వస్తుంది, అంటే కనీసం 234.4 ఉండాలి. నాది ఎంత తప్పినా 231.4కి 2.6 కలిపితే 234. రెండూ కలవడం లేదు. పాయింట్ తర్వాత అంకెతో అంత నమ్మకంగా మాట్లాడుతున్న మీటరే దారి తప్పింది. డిస్‌ప్లే మూలన చిన్నగా బ్యాటరీ గుర్తు వెలుగుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. 9 వోల్టుల బ్యాటరీ మార్చి పెడితే 232.1కి దిగింది. బ్యాటరీ నీరసపడితే చాలా చవక మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, అదీ పాయింట్ తర్వాత అంకెతో సహా. షాపులో ఆ మీటరుతో ఎన్నాళ్ళుగా చెక్ చేస్తున్నారో అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) కాటా వేసేటప్పుడు గ్రాములు ఎవరూ అడగరు. కాయలో తేమే పొద్దుటికీ సాయంత్రానికీ మారిపోతుంది. అదే ఊళ్ళో బంగారం కొట్టుకు వెళ్తే మిల్లీగ్రాముల దగ్గర కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తాం. మీటరు కూడా ఏ సరుకు తూస్తున్నామో చూసి కొనాల్సిందే. నేను వాడే లెక్క ఒకటుంది: ఎంత తేడా వస్తే నా నిర్ణయం మారుతుందో ముందు అనుకుంటాను, దానిలో నాలుగో వంతుకు మించి మీటరు తప్పకూడదు. కాలిబ్రేషన్ ల్యాబుల్లో, అంటే మీటర్ల కొలత సరిచూసే చోట్ల, నాలుగుకు ఒకటి అనే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. నేను దాన్ని షాపు స్థాయికి దించుకున్నాను.

ఈ లెక్కన ఇంటి వైరింగ్ పనికే అయితే పసుపుపచ్చ మీటరు అంకెలు చాలు. దానితో నాకున్న పేచీ వేరే, కింద చెబుతాను. ఇన్వర్టర్ బ్యాటరీలు చూసేవాళ్ళకైతే అది ఆశ్చర్యపడేంత బాగా పనికొస్తుంది. డీసీ 20 వోల్టుల రేంజిలో చివరి అంకె 0.01 వోల్టు, హద్దు ±(0.5% + 2). 12.6 మీద అది 0.083 వోల్టు. నిండుగా ఉండి కాసేపు తీరిగ్గా కూర్చున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6, 12.7 దగ్గర ఉంటుంది, సగం దిగితే 12.2 దగ్గరికొస్తుంది. ఆ అర వోల్టు తేడాను ఈ చవక మీటరు సునాయాసంగా పట్టేస్తుంది. ఏసీలో పది వోల్టులు తప్పేదే డీసీలో ఇంత బుద్ధిగా ఉంటుంది. మీటరు మంచిదా కాదా అని అడిగితే లాభం లేదు, ఏ రేంజిలో అని కూడా అడగాలి.

టాంగ్ టెస్టర్ (వైరు తెంచకుండా దాని చుట్టూ దవడలు మూసి కరెంటు కొలిచేది) దగ్గరికొస్తే నా తలకాయకు తగిలిన దెబ్బ చెప్పాలి. మా కింద వాటా ఆయన తన ఇంటి మీటరు ఎక్కువ తిరుగుతోందని ఒకటే గోల. నేను పెద్ద మొనగాడిలా టాంగ్ టెస్టర్ తీసుకెళ్ళి ఫేజు వైరుకు తగిలించాను. 4.0 ఆంపియర్లు. కాగితం మీద లెక్కేసి, "మీటరు పదిశాతం ఎక్కువ తిరుగుతోందండీ" అని తీర్పు ఇచ్చేశాను. పైకొచ్చాక పుస్తకం తీసి చూసుకున్నాను. 400 ఆంపియర్ల రేంజి, చివరి అంకె 0.1, హద్దు ±(2% + 5). 4 ఆంపియర్ల మీద 2 శాతం 0.08, ఐదు మెట్లు 0.5. మొత్తం 0.58. అంటే పద్నాలుగు శాతానికి పైగా. ఇక ఇళ్ళలో గోడకున్న ఎనర్జీ మీటరు మీద "క్లాస్ 1.0" అని అచ్చువేసి ఉంటుంది, దాని హద్దు ఒక శాతం. పద్నాలుగు శాతం అనుమానంతో ఒక శాతం యంత్రాన్ని పరీక్షించి వచ్చానన్నమాట. పైగా పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్లు హెచ్చవేస్తే వచ్చేదానిలో నిజంగా ఖర్చయ్యే వంతు) సంగతే తలచుకోలేదు. మళ్ళీ కిందికి దిగి ఆయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడోసారి వెళ్ళినప్పుడు పని కాస్త సరిగ్గా చేశాను. ఫేజు వైరు విడిగా తీసి ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ తయారుచేసుకుని, ఆ ఒక్క వైరునీ టాంగ్ దవడల్లోంచి పది చుట్లు చుట్టాను. టెస్టర్ 40 దగ్గర చూపిస్తుంది, దాన్ని పదితో భాగిస్తే అసలు కరెంటు. 40 మీద హద్దు 0.8కి 0.5 కలిపి 1.3, పదితో భాగిస్తే 0.13 ఆంపియర్. పద్నాలుగు శాతం కాస్తా మూడు చిల్లరకు దిగింది. కొత్త మీటరు కొనకుండా వైరు చుట్టి తెచ్చుకున్న నాణ్యత ఇది. వైరు దవడల మధ్యలో ఉండేలా చూసుకోవాలి, అంచుకు ఆనితే రీడింగు కొంచెం మారుతుంది. ఇంకో మాట, దవడల్లో ఫేజు, న్యూట్రల్ రెండూ పడితే సున్నా చూపిస్తుంది. కొత్తవాళ్ళు టెస్టర్ పాడైపోయిందనుకునేది ఇక్కడే.

ఆ సున్నాలోనే ఇంకో ఉపయోగం ఉంది. రెండు వైర్లూ కలిపి పట్టినప్పుడు సున్నా రాకపోతే, తేడా ఎక్కడో ఎర్త్‌లోకి పోతోందని అర్థం. ఇళ్ళలో పెట్టే ఆర్సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లయి ఆపేసే స్విచ్) 30 మిల్లీ ఆంపియర్లకు కొట్టేయాలి, అంటే 0.03 ఆంపియర్. 0.1 దగ్గర ఆగిపోయే టాంగ్ టెస్టర్‌కు 30 మిల్లీ ఆంపియర్లు కనబడనే కనబడవు. "నా టెస్టర్‌లో 0.0 వచ్చింది, లీకేజీ లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. వర్షాకాలంలో మాటిమాటికీ పడిపోయే ఆర్సీసీబీ కారణం వెతకాలంటే మిల్లీ ఆంపియర్లు చూపే లీకేజీ టాంగ్ టెస్టర్ కావాలి. పాయింట్ తర్వాత అంకెలకు డబ్బు పెట్టమని నేను గట్టిగా చెప్పే చోటు ఇదే.

మేనల్లుడి పని వైండింగ్ కాబట్టి ఓమ్స్ రేంజి గురించి వాడికి ఎక్కువ చెప్పాను. మొన్న షాపుకొచ్చిన ఒక త్రీఫేజ్ మోటారుకు వైండింగ్ చివరల జంటల మధ్య 2.6, 2.6, 2.5 ఓమ్స్ వచ్చాయట. "0.1 తేడా ఉంది, వైండింగ్ పోయినట్టేనా?" అని వాడి టెన్షన్. చివరి అంకె మూడు మెట్లు అటూ ఇటూ అయ్యే మీటరులో 0.1 తేడాకు అర్థం లేదు. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి చూడమన్నాను. 0.3 వచ్చింది. అంటే వాడు 2.6 అనుకున్నది నిజానికి 2.3. చదివిన దానిలో తొమ్మిదో వంతు లీడ్ల (ప్రోబుల తీగల) నిరోధమే. అయితే ఒకే మీటరుతో, ఒకే రేంజిలో, ఒకదాని వెంట ఒకటిగా మూడు జంటలూ పోల్చినప్పుడు ఆ తప్పు మూడింటికీ ఒకేలా పడుతుంది కాబట్టి పోలిక నమ్మదగ్గదే. అసలు విలువ తెలియకపోయినా ఒకటి మిగతావాటికంటే బాగా వేరుగా ఉంటే తెలిసిపోతుంది. నాలుగైదు చుట్లు మాత్రమే లోపల షార్ట్ అయితే మామూలు మీటరుకు అందదు. దానికి నాలుగు లీడ్ల మిల్లీ ఓమ్ మీటరు కావాలి, అందులో కరెంటు పంపే జత వేరు, వోల్టేజి చూసే జత వేరు, లీడ్ల నిరోధం లెక్కలోకి రాదు. అది షాపు కొనాల్సిన వస్తువు, కొత్తగా చేరిన కుర్రాడు కొనాల్సింది కాదని చెప్పాను.

మెగ్గర్‌లో (ఇన్సులేషన్ నిరోధం కొలిచేది) పాయింట్ తర్వాత అంకె దండగ. 415 వోల్టుల మోటారుకు 500 వోల్టుల డీసీతో కొట్టి, ఒక మెగోమ్ కంటే తక్కువొస్తే పక్కన పెట్టేస్తారు. 347.6 వచ్చినా 350 వచ్చినా చేసే పని ఒకటే. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ నిరోధం దాదాపు సగానికి పడిపోతుంది. పొద్దున్న కొట్టినదీ మధ్యాహ్నం ఎండలో కొట్టినదీ పోల్చి కంగారుపడేవాళ్ళను చూశాను. ఎర్తింగ్ నిరోధం కొలిచే ఎర్త్ టెస్టర్ కూడా అంతే. గుంటూరు వైపు నల్లరేగడి వానాకాలం ఒక మాట, నేల నెర్రెలిచ్చే మే నెలలో ఇంకో మాట చెబుతుంది. 1.87 ఓమ్స్ అని రాసుకోవడం కంటే ఏ నెలలో కొలిచారో రాసుకోవడం మంచిది.

వేడి అంటే గుర్తొచ్చింది. పుస్తకంలో ఆ శాతాల పేజీ పైన చిన్న అక్షరాల్లో "18 నుంచి 28 డిగ్రీల మధ్య" అని ఉంటుంది. అటు రెంటచింతల పక్కనుండగా మనకు ఈ మాట చదివితే నవ్వొస్తుంది. నా మీటరుకు 28 దాటిన ప్రతి డిగ్రీకీ హద్దు పదో వంతు పెరుగుతుందని రాశారు. మే నెలలో 43 డిగ్రీల రేకుల షెడ్డులో నిలబడితే 15 డిగ్రీలు ఎక్కువ. అంటే 2.6 వోల్టుల హద్దుకు ఇంకో ఒకటిన్నర రెట్లు కలిసి 6.5 అవుతుంది. 230.4లో ఆ 4కి అప్పుడు ఏమీ విలువ లేదు. బండి డిక్కీలో మీటరు పెట్టుకుని ఎండలో తిరిగేవాళ్ళు కనీసం పని మొదలుపెట్టేముందు పది నిమిషాలు నీడలో ఉంచండి.

ఇక ఖరీదైన మీటరుకు ఎక్కడ డబ్బు పెట్టొచ్చో చెబుతాను. మొదటిది ట్రూ ఆర్ఎంఎస్, అంటే అల ఆకారం ఎలా ఉన్నా అసలు విలువ చూపడం. చవక మీటరు కరెంటు అలను చక్కని సైన్ వేవ్ అనుకుని సగటు తీసి 1.11తో హెచ్చించి చూపిస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద పెడితే 11 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఎల్ఈడీ బల్బులు, కంప్యూటర్లు లాగే ముళ్ళలాంటి కరెంటును కొన్నిసార్లు 30, 40 శాతం తక్కువ చూపిస్తుంది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీల్లో, మిల్లుల్లో ఎక్కడ చూసినా మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ డ్రైవులే. అక్కడ పనిచేసేవాడికి పాయింట్ తర్వాత రెండంకెలున్నా ట్రూ ఆర్ఎంఎస్ లేని మీటరు పనికిరాదు.

రెండోది ప్రాణానికి సంబంధించింది. పసుపుపచ్చ మీటరుతో నా పేచీ ఇదే. చాలావాటిలో 10 ఆంపియర్ల సాకెట్ వెనక ఫ్యూజే ఉండదు. పొరపాటున ఆ సాకెట్లో లీడు ఉండగా త్రీఫేజ్ ప్యానెల్లో వోల్టేజి చూడబోతే చేతిలోనే పేలుతుంది. ప్యానెల్ పని చేసేవాళ్ళు మీటరు మీద "క్యాట్ 3, 600 వోల్ట్" అని (ఎలాంటి చోట వాడొచ్చో చెప్పే భద్రతా తరగతి) ఉందా, లోపల హెచ్ఆర్సీ ఫ్యూజులు (పెద్ద షార్ట్‌ను కూడా పేలకుండా తెంచేవి) ఉన్నాయా చూసుకోవాలి. ఆ అక్షరాలు అచ్చువేయడం తేలిక కాబట్టి పేరున్న కంపెనీదే, బిల్లుతోనే తీసుకోండి. మన దేశపు మెకో, రిషభ్ ఉన్నాయి, డబ్బుంటే ఫ్లూక్ ఉంది.

ఒక చిన్న చిక్కు కూడా చెప్పి పెట్టాను. మంచి మీటరు లోపలి నిరోధం 10 మెగోమ్స్ ఉంటుంది కాబట్టి, ఎక్కడా కలపని వైరు పక్కన కరెంటు వైరు ఉంటే చాలు, దానిమీద 87.4 అని చూపిస్తుంది. బల్బు పెడితే వెలగదు. ఆ 87.4 దయ్యం వోల్టేజి. లో ఇంపెడెన్స్ (లోపలి నిరోధాన్ని తగ్గించే) సెట్టింగ్ ఉన్న మీటరైతే అది మాయమైపోతుంది.

సర్టిఫికెట్ ఇవ్వాల్సిన పని, అంటే కాంట్రాక్టులు, ఫ్యాక్టరీ టెస్టింగ్ చేసేవాళ్ళయితే ఏడాదికోసారి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబులో కాలిబ్రేషన్ చేయించాలి. పుస్తకంలో రాసిన శాతాలు సాధారణంగా ఏడాదికే హామీ. మామూలు వాడకానికి నేను చేసేది ఒకటే. నమ్మకమున్న ఇంకో మీటరుతో పక్కపక్కన పెట్టి ఆర్నెల్లకోసారి చూస్తాను, మొన్న ఆదివారం చేసినట్టు.

భోజనాలయ్యాక మేనల్లుడు మళ్ళీ ఫొటోలు తీశాడు. 20,000 కౌంట్లు, పాయింట్ తర్వాత మూడంకెలున్న ఒక చైనా మోడల్ మీద వాడి కన్ను ఇంకా ఉంది. దాని క్యాట్ రేటింగ్ ఏమిటో చూడమంటే ఎక్కడా దొరకలేదు. చివరికి గవర్నర్‌పేటలో 6000 కౌంట్ల ట్రూ ఆర్ఎంఎస్ మీటరు, క్యాట్ 3, ఏసీ ±(1% + 3) ఉన్నది తీసుకున్నాడు. మిగిలిన డబ్బుతో మంచి సిలికాన్ లీడ్లు కొన్నాడు. రాత్రి ఫొటో పంపాడు. మీటరు వెనక తెల్ల టేపు అతికించి, దానిమీద పెన్నుతో రాసుకున్నాడు: "లీడ్లు 0.1. బ్యాటరీ మార్చిన తేదీ", పక్కన ఆ రోజు తేదీ.